మూడు చెంచాల పెరుగు

మోండా మార్కెట్లో బుచ్చమ్మ కట్టే కొత్తిమీర కట్టలు ఎప్పుడు చూసినా ఒకే లావు. నలభై ఏళ్లుగా ఆమెకు గుప్పిటే తక్కెడ. ఆ రోజు మాత్రం కట్ట ఒకటి బొద్దుగా, ఒకటి బక్కగా వస్తోంది. ఎనిమిదింటికి మనవరాలికి రక్తం తీస్తారాయె, చేతులు నిలుస్తాయా మరి! ఆరున్నరకే గోనెపట్టా చుట్టేసి, సరుకు పక్కామెకు అప్పజెప్పి, బన్సీలాల్‌పేట్‌లోని ఇంటికి వచ్చేసింది.

కల్పలత పుట్టినప్పుడు కిలోన్నర కూడా తూగలేదు. బతుకుతుందని ఆస్పత్రిలో ఒక్కరూ గట్టిగా చెప్పలేదు. బుచ్చమ్మే రొమ్ముకు ఆనించుకుని, చుక్కచుక్కగా పాలు పోసి నిలబెట్టింది. ఆ తర్వాత నెయ్యి, గుడ్లు, లడ్డూలు. పిల్ల నోరు తెరిస్తే చాలు. బుగ్గలు పొంగుతుంటే మురిసిపోయింది, పిచ్చి మనిషి. ఎనిమిదేళ్లు వచ్చేసరికి డాక్టరు ఇంకో మాట చెప్పాడు. మరీ తక్కువ బరువుతో పుట్టి, తర్వాత గబగబా లావెక్కిన పిల్లల్లో కొందరికి ఇన్సులిన్ పెరిగి, ముందుముందు చక్కెర జబ్బు పట్టుకోవచ్చట. కల్పలతకు ఇన్సులిన్ అప్పటికే ఎక్కువగా ఉంది. ఈసారి పరగడుపు పరీక్షలోనూ ఎక్కువే వస్తే మందులు మొదలుపెడతానన్నాడు.

కోడలు సుకన్య డాక్టరు చెప్పిన రోజే తేల్చేసింది. "అత్తమ్మా, ఇంకోపారి చాటుగ ఏమన్న పెట్టినవనుకో, పిల్లను సిద్దిపేటల మా అమ్మ దగ్గర ఉంచుత."

రాంగోపాల్‌పేట్ క్లినిక్‌లో సిస్టర్ జ్ఞానమణి పిల్ల చేతికి రబ్బరు పట్టీ బిగించింది. నరం దొరకలేదు. రెండోసారి గుచ్చింది. కల్పలత నానమ్మ కొంగు పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. మూడోసారికి రక్తం వచ్చింది.

"పొద్దుగాల ఏం తినలే గదా?"

"చాయ్ సుత తాగలే సిస్టర్," అంది సుకన్య.

బుచ్చమ్మకు అప్పుడు తట్టింది. బయల్దేరేముందు, సుకన్య స్నానానికి పోయినప్పుడు, గడప దగ్గర పిల్ల నోట్లో పెరుగూ చక్కెరా పెట్టింది తను. మంచి పని మీద పోయేవాళ్లను నోరు తీపి చేయకుండా ఆమె ఏనాడూ పంపలేదు. పరీక్ష మంచిగా రావాలనే పెట్టింది! అది తిండి కిందికి వస్తుందని ఆమెకు తోచనే లేదు.

జ్ఞానమణి గొట్టం మీద పేరు రాస్తోంది. చెబితే పిల్ల సిద్దిపేటకు పోతుంది. చెప్పకపోతే లేని రోగానికి మందు మింగుతుంది. బుచ్చమ్మ పిల్ల చేతి మీద దూది అద్దిన మూడు చోట్లనూ చూసింది. గొట్టం ట్రేలోకి పోతోంది.

"సిస్టర్, ఆగు జెర. పెరుగుల చక్కెర కలిపి పెట్టిన." ఒక్క చెంచా అందామనుకుంది. "మూడు చెంచాలు," అంది.

జ్ఞానమణి గొట్టం పక్కన పెట్టేసింది. "గిది పనికిరాదు పెద్దమ్మా. చెప్పి మంచి పని చేసినవ్. సోమవారం మళ్ల రావాలె."

సుకన్య అరిచి ఉంటే బుచ్చమ్మకు కాస్త ఊపిరాడేది. ఆమె అరవలేదు. పిల్ల చొక్కా చేయి కిందికి లాగి, మెల్లగా అంది.

"సోమవారం సిద్దిపేట నుంచే తీస్కొస్త."

మధ్యాహ్నం బస్సుకు తల్లీబిడ్డలు బయల్దేరారు. కోడలిది తప్పని బుచ్చమ్మ అనలేకపోయింది. అదే ఆమెకు ఎక్కువ బాధ.

"ఆడ ఊకె కూసోవెట్టకు, ఆడుకోనియ్యి," అంది కోడలితో.

"నువ్వెప్పుడొస్తవ్ నానమ్మా?"

"వస్త బిడ్డా."

ఆటో సందు మలుపు తిరిగాక గుమ్మంలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎదురింటివాళ్లు చూస్తున్నా ఆపుకోలేదు. పొద్దువాలాక లేచి, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. పక్కల కుట్లు రెండుసార్లు విప్పి వెడల్పు చేసిన కల్పలత గౌను తీగ మీద వేలాడుతోంది, ఇంకా ఆరలేదు.