పడవలోంచి గ్యాసు తోడిన రోజు

మస్కట్‌లో, అదీ సెప్టెంబరులో, గది వేడెక్కించే హీటర్ కోసం బజారున పడ్డ మొగుడూ పెళ్లాన్ని చూసి జనం నవ్వారంటే తప్పు జనానిది కాదు. చొక్కా వీపుకి అతుక్కుపోయే రోజులవి. శేషుకుమారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నాగేంద్రప్రసాద్‌కి అలాంటి పట్టింపులేమీ లేవు. గ్యాసు ప్లాంటులో సేఫ్టీ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. తోటివాళ్లు ఫ్లాట్లూ స్థలాలూ కొనుక్కుంటుంటే ఈయనగారు చిన్న తెరచాప పడవ కొన్నారు. దాన్ని ఓడమీద టర్కీ తీరానికి పంపించి, చలికాలమంతా అందులోనే కాపురముంటూ రేవు రేవూ తిరుగుతారట. ఆవిడ వస్తే ఇద్దరూ, రాకపోతే ఒక్కరే. అక్కడి చలికి హీటర్ లేకపోతే పళ్లు కటకటలాడతాయట.

శేషుకుమారి వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. కోనసీమలో పుట్టి కూడా పంటు మీద గోదావరి దాటేటప్పుడు కళ్లు మూసుకునే మనిషి ఆవిడ. కానీ ఆమెని ఆపింది నీళ్ల భయం కాదు. కరోనా వచ్చిపోయాక మొగుడి ముక్కు పనిచెయ్యడం మానేసింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నదానికి కూడా. ప్లాంటులో గ్యాసు వాసన పసిగట్టడంలో మొనగాడని పేరు తెచ్చుకున్నవాడు, ఏ నోటితో చెబుతాడు? పొద్దున్నే కాఫీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని ఆహా అంటాడు. అనుమానమొచ్చి ఒకరోజు ఆమె ఇంగువ వెయ్యకుండా సాంబారు పెట్టింది. ఇంగువ ఘుమఘుమలాడిపోతోందని మెచ్చుకుంటూ మళ్లీ వడ్డించుకున్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది.

ఆ ముక్కుతో, గ్యాసు పొయ్యీ గ్యాసు హీటరూ ఉన్న పడవలో, ఒక్కడూ! వాసన తెలీడం లేదని ఆయన తన నోటితో తాను ఒప్పుకుంటే తప్ప పడవ కదలనివ్వకూడదని నిశ్చయించుకుంది. తనే అడిగితే ఆయన పరువు తీసినట్టవుతుందని అడగలేదు. మగవాళ్ల పరువు సంగతి తెలిసిందేగా, వెల్లుల్లి పొట్టుకన్నా పల్చన.

మత్రా బజారులో గ్యాసు సామాన్లమ్మే ఖమరుద్దీన్‌ది కడప. ఆయనకి పాత స్నేహితుడు, ఆమెకి నోరారా అక్కా అని పిలిచే తమ్ముడు. పడవల కోసమే చేసిన హీటరొకటి తెప్పించి, దాని గొట్టాన్ని దుకాణం కిటికీలోంచి బయటికి పెట్టి, వెలిగించి చూపించాడు. చేటంత ఇనుప పెట్టె, ముందు అద్దం, అద్దం వెనక నీలిమంట. గొట్టంలో ఇంకో గొట్టం ఉంది. బయటిదాంట్లోంచి మంట తనకి కావలసిన గాలి ఆకాశం దగ్గర తెచ్చుకుంటుంది, లోపలిదాంట్లోంచి పొగ వదిలేస్తుంది.

"మన గాల్ని అది ముట్టదక్కా. దాని ఊపిరి దానిదే, మన ఊపిరి మనదే" అన్నాడు ఖమరుద్దీన్.

శేషుకుమారి నమ్మలేక వీధిలోకి వెళ్లి గొట్టం కొస దగ్గర అరచెయ్యి పెట్టింది. వెచ్చగా, కాస్త తడిగా, పసిబిడ్డ ఊపిరిలా తగిలింది. లోపలికొచ్చి పెట్టె చుట్టూ వాసన చూసింది. ఏమీ లేదు. పుట్టి బుద్ధెరిగి నిప్పంటే పొగా మసీ కళ్లమంటా అనుకున్న మనిషాయె. మళ్లీ బయటికి వెళ్లి మళ్లీ చెయ్యి పెట్టింది.

నాగేంద్రప్రసాద్ మాత్రం మొహం గంటు పెట్టుకున్నాడు. ఆ గొట్టం కోసం పడవ కప్పుకి చిల్లు పెట్టాలి. కొత్తకోడలి పుట్టింటి చీరలా చూసుకుంటున్న పడవకి ఎవడైనా చిల్లు పెట్టుకుంటాడా? ఎడారిలో గుడారాలేసుకునేవాళ్ల కోసం బురైమిలో అమ్మే చిన్న హీటరొకటి అప్పటికే కొనేశాడు. దానికి గొట్టమూ లేదు, చిల్లూ అక్కర్లేదు. అది క్యాబిన్‌లో గాలినే తింటుంది, చెమ్మనీ చెడుగాలినీ అక్కడే వదులుతుంది. ఆ సంగతి ఆయనకి తెలీక కాదు, కిటికీ తెరుచుకుంటే సరిపోతుందని వాదించాడు. శుక్రవారం పడవ దగ్గరికొచ్చి చూస్తే మీరే ఒప్పుకుంటారన్నాడు.

శుక్రవారం ఖమరుద్దీన్ తన హీటర్‌నీ డ్రిల్లునీ కారులో వేసుకుని ఆమెని తీసుకొచ్చాడు. పడవలు కట్టేసే మరీనా గేటు దగ్గరికి రాగానే, లోపల పడవలో ఉన్న ఆయనకి ఫోన్ చేశారు. పాసు చూపించమని గేటువాడు చాలాసేపు నిలబెట్టేశాడు. ఎట్టకేలకు చెక్కల వంతెన మీద నడుచుకుంటూ వచ్చి, శేషుకుమారి మొదటిసారి ఆ పడవ చూసింది. చుట్టూ ఉన్నవాటి మధ్య అదెంత చిన్నదో చూసింది, దాని వెనక సముద్రం ఎంత ఉందో చూసింది. ఇంత చిప్పలో కూర్చుని అంత నీటి మీదికి వెళ్లాలని ఒక మనిషికి ఎలా అనిపిస్తుందా అని మొగుడి మీద కోపమూ వచ్చింది, ఏదో గౌరవమూ కలిగింది. చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది, పడవకో సముద్రానికో తెలీలేదు.

నిచ్చెన మీంచి క్యాబిన్‌లోకి దిగుతూ కాలు జారి నేల మీద చతికిలబడింది. అదే మంచిదైంది.

నాగేంద్రప్రసాద్ నవ్వుతూ చెయ్యందించబోయాడు. రెండో చేతిలో లైటరు. ఆయన పక్కన చిన్న హీటరు, దానికి రబ్బరు ట్యూబు, ట్యూబు చివర గ్యాసు బండ. ఆమె ముక్కుకి నేల దగ్గర గుప్పుమంది. ఆయన అందించిన చెయ్యి వదిలేసి లైటరున్న మణికట్టు పట్టుకుంది.

"వెలిగించకండి. గ్యాసు."

ఆయన ఒకటికి రెండుసార్లు గాలి పీల్చాడు. "ఏం లేదే" అన్నాడు. అనడమైతే అన్నాడు గానీ, ఆమె మొహం చూశాక గొంతు మారిపోయింది. లైటరు మెల్లగా జేబులో పెట్టుకుని బండ కట్టేశాడు. ఆ తర్వాత మాట్లాడింది మొగుడు కాదు, ప్లాంటులో ముప్పై ఏళ్లు డ్యూటీ చేసిన సేఫ్టీ ఇంజనీరు. ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, ఫోన్లు ఒడ్డున పడేసి రావాలి, అందరూ పైకి. బండనీ ఆ హీటర్‌నీ తనే మోసుకొచ్చి వంతెన చివర పెట్టాడు. ఫోనొచ్చింది కదా, వచ్చేస్తున్నారు కదా అని బండ ముందే తెరిచి ఉంచాడట. ట్యూబు సరిగ్గా బిగియలేదు. గాలి అందుతుందా లేదా అని చెప్పే అలారం ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

ఇంట్లో అయితే కిటికీలు తీస్తే పోతుంది కదా, తలుపులన్నీ తీసి కూర్చుందామంది శేషుకుమారి. నాగేంద్రప్రసాద్ తల అడ్డంగా ఊపాడు.

"వంటింటికి గుమ్మముంది శేషూ, దీనికి లేదు. పడవంటే గిన్నె. ఈ గ్యాసు గాలికన్నా బరువు. అడుగున నీళ్లలా నిలబడిపోయింది. తోడి పోసెయ్యాలి."

తోడాలి! గ్యాసుని! ఆమె మొదట వేళాకోళమనుకుంది. ఆయన ప్లాస్టిక్ బకెట్ తీసుకుని దిగి, నేల పలకలు లేపి, చీకటిగా ఉన్న పడవ అడుగున బకెట్ ముంచాడు. ఖాళీ బకెట్‌ని, నిండుకుండని ఎత్తినట్టు, తొణక్కుండా పైకెత్తి ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని ఖమరుద్దీన్‌కి అందించింది. అతను పడవ అంచు మీంచి సముద్రంలోకి వంపాడు. మళ్లీ బకెట్, మళ్లీ అందించడం, మళ్లీ వంపడం. పక్క పడవలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చేతిపని ఆపి, నోరు తెరుచుకుని వీళ్లనే చూశాడు. ముగ్గురు పెద్దమనుషులు ఎండలో చెమటలు కక్కుకుంటూ శూన్యాన్ని బకెట్లతో మోస్తున్నారు మరి!

శేషుకుమారికి నవ్వు రాలేదు. చేతుల్లో బకెట్ తేలిగ్గానే ఉంది. అయినా అది ఒలికిపోతుందేమోనని రెండు చేతులా పట్టుకుంది. కంటికి కనబడదు, చేతికి తగలదు, ఒక్క నిప్పురవ్వ పడితే ముగ్గుర్నీ మింగేస్తుంది. నీళ్లలా నిలుస్తుంది, నీళ్లలా తోడితే వస్తుంది. లోకంలో కనిపించేదానికన్నా కనిపించనిది ఎంత ఎక్కువుందో అనుకుంది. బకెట్ అంచు మీద ఎండ వేడికి గాలి వణికినట్టుంటే, అదేనేమో అని కళ్లార్పకుండా చూసింది.

కొంతసేపటికి నాగేంద్రప్రసాద్ బకెట్ పక్కన పెట్టాడు. పడవ అడుగు మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. తలెత్తి భార్యని చూశాడు. అయిపోయిందా సార్ అని పైనుంచి ఖమరుద్దీన్ అడిగాడు. గ్యాసు ఉన్నా పోయినా నాగేంద్రప్రసాద్ ముక్కుకి ఒక్కటే. తోడడం ఎప్పుడు ఆపాలో ఆయనకి తెలిసే దారి లేదు. ఇప్పుడు కూడా పోయిందనేస్తాడేమో అని శేషుకుమారి భయం.

"నాకు తెలీదు శేషూ" అన్నాడు. "కరోనా అప్పట్నుంచి నాకు ఏ వాసనా తెలీడం లేదు. నువ్వే చూసి చెప్పాలి."

ఖమరుద్దీన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"తెలుసండీ" అంది శేషుకుమారి.

"ఎప్పట్నుంచి?"

"సాంబారప్పట్నుంచి."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె వివరిస్తూ కూర్చోకుండా కిందికి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, పలకలు లేపిన చోట తల దూర్చింది. నీళ్ల భయమున్న మనిషికీ సముద్రానికీ మధ్య జానెడు మందం చెక్క కూడా అడ్డం లేని చోటది. కళ్లు మూసుకోలేదు. ఉప్పు, తడిసిన చెక్క, పాత డీజిల్. ఇంకా అడుగున, మూలల్లో, సన్నగా అదే కంపు. ఇంకా తోడమంది. తోడాడు. మళ్లీ తల దూర్చింది. ఆయన బకెట్ పట్టుకుని, పరీక్ష రాసిన పిల్లాడిలా ఆమె నోటివంకే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆమె మాట కోసం అలా ఎదురుచూడటం ఆమె ఎరగదు.

"పోయింది" అంది.

కిటికీలన్నీ తీసి సాయంత్రం దాకా గాలాడనిచ్చారు. ఎండ తగ్గాక ఖమరుద్దీన్ తన హీటర్‌ని లోపలికి దింపి, ఏ గోడకి పెడితే బాగుంటుందో చూస్తూ, చిల్లు ఎక్కడ పెడదామని నాగేంద్రప్రసాద్‌ని అడిగాడు. ఆయన పెన్సిల్ తీసి భార్యకిచ్చాడు. ఎక్కడ చిల్లు పెట్టమంటే అక్కడే పెడతానన్నాడు.

శేషుకుమారి క్యాబిన్ అంతా కలయజూసింది. పడుకోవడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి ముందువైపు ఎత్తు మీద, మెత్తటి పరుపుతో. రెండోది నిచ్చెన పక్కన, నేలకి ఆనుకుని, ఇరుగ్గా. ఆమె కప్పు మీద గుండ్రంగా గీత గీసి, పెన్సిల్ తిరిగిచ్చేసింది.

"పైది మీరు తీసుకోండి" అంది. "కిందది నాది. గ్యాసంటూ వస్తే ముందు నా దగ్గరికే రావాలి."

నాగేంద్రప్రసాద్ కళ్లు తుడుచుకుని, ఖమరుద్దీన్ చేతిలోంచి డ్రిల్లు తీసుకుని, తన పడవకి తనే చిల్లు పెట్టడానికి పైకెక్కాడు.