బంతిపూలు వద్దన్నది ఎవరు

ఉపేందర్ బల్ల మీద పరిచిన రంగుల కార్డులో పసుపు లేదు. దేవదాసు రెండుసార్లు వెతికాడు. కార్డు తిప్పి వెనక కూడా చూశాడు. వెనక షాపు పేరు, ఫోన్ నంబరు తప్ప ఏమీ లేవు.

"పసుపేది?" అన్నాడు.

"ఈ మధ్య ఎవరూ అడగట్లేదు బాబాయ్ గారూ," అన్నాడు ఉపేందర్. కోదాడలో పెళ్లి మండపాలు కట్టేవాళ్లలో బాగా పేరున్న మనిషి, మాట మెత్తన. "ఇప్పుడంతా లేత రంగులేనండి. ఇది పీచ్, ఇది ఐవరీ. ఫోటోల్లో బాగా పడతాయి. మేడమ్ వాళ్లు పీచ్, తెలుపు అని ఖాయం కూడా చేశారు కదా."

"ఏ మేడమ్?"

ఉపేందర్ చూపు సువార్తమ్మ మీదికి వెళ్లింది. సువార్తమ్మ దేవదాసుకు కాబోయే వియ్యపురాలు. మిర్యాలగూడలో టీచరుగా చేసి రిటైరైంది. కొడుకు ప్రభుదాస్ అక్కడే రైస్ మిల్లులో సూపర్‌వైజరు. పెళ్లి కూడా అక్కడి చర్చిలోనే, ఇంకా పదహారు రోజులుంది. ఆమె పక్కనే దేవదాసు కూతురు భాగ్య కూర్చుంది. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఈ పూట డ్యూటీ మార్చుకుని వచ్చింది. భాగ్యకు అటువైపు తల్లి సైదమ్మ.

నలుగురూ ఉదయం నుంచి మర్యాదగానే మాట్లాడుకున్నారు. ఆ మర్యాద ఇక్కడితో అయిపోయింది.

దేవదాసు కోపానికి కారణం పెన్‌పహాడ్‌లో అరెకరం పొలంలో మొగ్గ మీద ఉంది. పాతికేళ్లకు పైగా ఆయన కౌలుకు భూమి తీసుకుని పూలు పండిస్తున్నాడు. నిశ్చితార్థం అయిన మర్నాడే వేళ్ల మీద రోజులు లెక్కపెట్టి బంతి నారు పోశాడు. ఎన్నో రోజున నాటాలో, ఎన్నో రోజున తలలు తుంచాలో, ఎప్పుడు నీళ్లు తగ్గించాలో అన్నీ పెళ్లి తారీఖు నుంచి వెనక్కి లెక్కగట్టినవే. ముద్ద బంతి పసుపు నాలుగు సాళ్లు, నారింజ నాలుగు సాళ్లు. నా బిడ్డ పెళ్లికి బయటి పువ్వు ఒక్కటి కొనేది లేదని ఊళ్లో కనపడిన ప్రతి మనిషికీ చెప్పాడు. ఎందరి పెళ్లిళ్లకో పూలు మోసిన మనిషి. పెద్ద పెద్ద ఇళ్ల ముందు గంపలు దించి, గుమ్మం దాకా తోరణం కట్టి, అక్కడి నుంచే వెనక్కి వచ్చేవాడు. తన పూలు కట్టిన పందిరి కింద తాను కూర్చునే పెళ్లి ఇదొక్కటే.

"అక్కా," అన్నాడు సువార్తమ్మతో, గొంతు అదిమి పెట్టుకుంటూ. "నాతోని ఒక్క మాట అనకుండనే ఖాయం జేసిన్రా?"

"చెప్పాలనే అనుకున్న తమ్ముడూ," అంది సువార్తమ్మ. "మా సంఘంల బంతిపూలు వాడరు. అవి పూజల పూలు గదా. పెద్దోళ్లు ఎవరన్న ఏమన్న అంటరని."

"పూజల పూలా?"

"బతుకమ్మకు పేరుస్తరు, బండ్లకు కడతరు..."

"కోత పండుగ మీ చర్చిల జెయ్యరా అక్కా? మా పెన్‌పహాడ్‌ల జేస్తం. కొత్త పంట ఏదొస్తే అది బలిపీఠం ముందర పెడతం. వడ్లున్నోళ్లు వడ్లు, గుమ్మడికాయ ఉన్నోళ్లు గుమ్మడికాయ. నా కాడ ఉన్నయి బంతిపూలు. ఏటా రెండు గంపలు నెత్తిన పెట్టుకొని పోత. అయ్యగారు గంప మీద చెయ్యిపెట్టి ప్రార్థన జేస్తడు. ఆ దినం గవి పూజల పూలు గావా?"

సువార్తమ్మ చేతిసంచి జిప్పు తెరిచి, మూసింది.

"పోనీ మీ పాస్టర్ అయ్యగారినే అడుగుదాం," అని దేవదాసు ఫోన్ తీశాడు.

"ఇప్పుడు ఫోనెందుకు తమ్ముడూ," అంది ఆమె గబుక్కున.

"నాయినా, వద్దు," అంది భాగ్య.

ఆయన అప్పటికే నొక్కాడు. స్పీకరు పెట్టి ఫోన్ బల్ల మీద, సరిగ్గా ఆ రంగుల కార్డు మీద ఉంచాడు. పాస్టరు గారు అవతల ఏదో తింటున్నట్టున్నారు. విషయం విని నవ్వారు. "పూలకేముంది దేవదాసు గారూ, దేవుడు ఇచ్చినవే గదా. మీ ఇష్టం, బంతి పెట్టుకుంటరో చామంతి పెట్టుకుంటరో. జర నేల మీద నీళ్లు గారకుండ చూస్కోండి చాలు."

దేవదాసు ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇన్నవా అక్కా? అయ్యగారికి లేని అడ్డం నీకొచ్చింది," అన్నాడు దేవదాసు. "సాపుగ చెప్పరాదు? కౌలుకు చేసేటోడు పంపిన పూలు మన చర్చిల ఏంది అని సాపుగ చెప్పు. నేను గంప నెత్తిన పెట్టుకొనొస్తే మీ టీచర్లందరి ముందర నామోషీ అయితది అని చెప్పు. దేవుణ్ణి ఎందుకు అడ్డం పెడతవ్?"

"మెల్లగ మాట్లాడు," అంది సైదమ్మ.

"ఎందుకు మెల్లగ? నాకేమన్న దొంగతనం జేస్తే దొరికిన్రా?" ఆయన లేచి నిలబడ్డాడు. ఉపేందర్ కార్డులు ఒక్కొక్కటే బల్ల మీంచి తీసుకుంటున్నాడు. "నీ పెనిమిటి పోయినప్పుడు పెట్టె మీద ఏం పూలు ఏసిన్రు అక్కా? ఆయన మీదికి పనికొచ్చినయి గని, నా బిడ్డ మీదికి పనికి రావా?"

అన్న తరువాత ఆ మాట ఎంత దూరం పోయిందో ఆయనకే తెలిసింది. సువార్తమ్మ భర్త పోయి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఆమె చేతిసంచి ఒళ్లోకి లాక్కుంది.

"బంతిపూలే తమ్ముడూ," అంది. "బంతిపూలే ఏసినం."

"ఆమెను అనకు నాయినా." భాగ్య లేచింది. "వద్దన్నది నేను."

"నువ్వు ఊకో. పెద్దల నడిమిట్ల..."

"ఊకోను. వద్దన్నది నేనే. అత్తమ్మకు నేనే చెప్పిన. వద్దన్నది నేనని తెలిస్తే నువ్వు తట్టుకోలేవని ఆమె మీదేసుకుంది. గిన్ని మాటలు పడ్డది గూడ అందుకే."

దేవదాసుకు ముందు అర్థం కాలేదు. కూతురు సువార్తమ్మను కాపాడడానికి అబద్ధమాడుతోందేమో అనుకున్నాడు. కానీ భాగ్య అబద్ధమాడితే ముక్కు పక్కన గోక్కుంటుంది. ఇప్పుడు రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి.

"ఎందుకు?" అన్నాడు.

"పదో తరగతి దాంక రోజూ నాలుగింటికి లేపినవ్. మంచుల తడుసుకుంట రెండు గంపలు తెంపి, మూరలు కట్టి, గట్లనే బడికి పోయేదాన్ని. గోర్లల్ల పసుపు పోకపోయేది. సబ్బుతోని రుద్దినా వాసన పోకపోయేది. బెంచీల నా పక్కన కూసునేటోళ్లు సావుపూలు వచ్చినయి, జరగండి అనేటోళ్లు. టీచరుకు చెప్తే టీచరు గూడ నవ్వింది. నర్సింగ్ హాస్టల్‌కు పోయినంక గని ఆ వాసన నన్ను ఇడువలే." భాగ్య ఏడవలేదు. ఆమెకూ కోపమే, తండ్రి కోపమే. "పెండ్లి నాడన్న నాకు ఆ వాసన వద్దు నాయినా. ఒక్క దినం."

దేవదాసు బయటికి నడిచాడు.

షాపు ముందు హైవే మీద విజయవాడ బస్సులు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. పక్కనున్న టీ బండి దగ్గర నిలబడి టీ చెప్పాడు, వచ్చాక తాగలేదు. మండిపోతున్నాడు. ఎవరి మీద అని అడిగితే ఇప్పుడు చెప్పలేడు. సావుపూలు అన్న ఆ పిల్లలెవరో ఇప్పుడు దొరికితే బాగుండు అనిపించింది. నవ్విన టీచరు దొరికితే ఇంకా బాగుండు.

సైదమ్మ వచ్చింది.

"నీకు ఎరుకనా?" అన్నాడు ఆమె ముఖం చూడకుండా.

"ఎరుకే."

"అందరికి ఎరుకే. నేనొక్కణ్ణే పిచ్చోని లెక్క సాళ్లు కొలుసుకుంట తిరుగుతున్న. నాకు చెప్తే ఏమైతుండె?"

"ఏమైతుండెనో ఇప్పుడు లోపల జూసినం గదా," అంది సైదమ్మ. "మొగడు సచ్చిన దాన్ని పట్టుకొని పెట్టె మీద పూలు అడిగినవ్. నీ నోరు పాడుగాను. ఆమె లేచి పోతే ఈ పెండ్లి గాడనే ఖతం. పోలే. ఎందుకు పోలేదో జర సోంచాయించు."

దేవదాసు టీ గ్లాసు బండి మీద పెట్టాడు.

"ఇంకొకటి చెప్త ఇను. నారు పోసేటప్పుడు నన్ను అడగకపోతివి, సరే. ఏం పూలు గావాలె బిడ్డా అని దాన్ని ఒక్క మాట అడిగినవా? దానికి ఇరవై ఐదేండ్లు. పుట్టిన కాంచి పూలల్లనే ఉన్నది. ఏ పువ్వంటే ఇష్టమో నీకు ఎరుకనా?"

ఆయనకు తెలియదు. తెలియదన్న సంగతి మిగతా అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది, ఎందుకంటే అది ఎవరి మీద వేయడానికీ లేదు.

లోపలికి వచ్చి సువార్తమ్మ ముందు నిలబడ్డాడు. "అక్కా, నేనన్న మాట తప్పు."

"తప్పే," అంది సువార్తమ్మ. పిల్లలను కొట్టకుండానే కూర్చోబెట్టే టీచరు గొంతు అది. "ఆ మాట నేను మర్సిపోతనని మాత్రం అనుకోకు తమ్ముడూ. పిల్ల కోసం కూసున్న. కూసో, ముందు పని కానియ్యి."

అంతకంటే ఆమె మెత్తబడలేదు. దేవదాసుకు అదే నయం అనిపించింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏం పూలు గావాలె?" అని కూతుర్ని అడిగాడు. అడిగినట్టు లేదు, కసిరినట్టుంది.

"గులాబీలు. పీచ్ రంగువి. నడుమ నడుమ తెల్లవి."

"మరి అరెకరం?" అంది సైదమ్మ.

"సూర్యాపేట మార్కెట్ల ఏస్త."

"ఊళ్లె అడిగితే?"

"నా బిడ్డకు ఇష్టం లేదని చెప్త. నవ్వేటోడు నవ్వనీ." ఆయనకు ఎవరెవరు నవ్వుతారో, ఏ అరుగు మీద కూర్చుని నవ్వుతారో అప్పుడే కళ్ల ముందు కనిపిస్తోంది. "శాంపిల్ దే," అన్నాడు ఉపేందర్‌తో.

ఉపేందర్ ఫ్రిజ్‌లోంచి గులాబీల కట్ట తెచ్చాడు. ఇరవై పూలు, కాగితంలో చుట్టినవి. "ఇవి బెంగళూరు సరుకు బాబాయ్ గారూ. ఫ్రెష్."

దేవదాసు కట్ట విప్పాడు. ఒక పువ్వు మెడ దగ్గర రెండు వేళ్లతో నొక్కాడు. ఇంకొకటి నొక్కాడు. కాడ చివర చూశాడు.

"ఎవనికి చెప్తున్నవ్ ఫ్రెష్ అని?" అన్నాడు. "పై రేకులు పీకినవ్. నల్లబడ్డయి గనుక పీకినవ్. కాడ మళ్ల కోసినవ్. మెడలు మెత్తబడ్డయి. ఇవి తెంపి ఐదు దినాలైంది."

"శాంపిలే కదండీ, పెళ్లికి మాత్రం..."

"శాంపిలే గిట్లుంటే పెండ్లికి ఎట్లుంటయి? ఫోటోల బాగ పడతయి అంటివి. నా బిడ్డ ఫోటోల నిలబడదు, పందిరి కింద నిలబడతది." దేవదాసు గొంతు మళ్లీ షాపు బయటికి వినిపిస్తోంది. ఈసారి సైదమ్మ మెల్లగా మాట్లాడమనలేదు. "లోడు ఎన్నడు దిగుతది, ఏడ దిగుతది చెప్పు. నేనొస్త. కట్టేది నువ్వు. ఏరేది నేను."

"అలా ఎవరూ రారు బాబాయ్ గారూ. మా పని మమ్మల్ని..."

"నేనొస్త అంటున్న."

సువార్తమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "రానియ్యి ఉపేందర్," అంది.

దేవదాసు కట్టలోని పూలను ఒక్కొక్కటిగా నొక్కి, పనికి రానివి బల్లకు ఎడమ పక్కన పడేస్తున్నాడు. గొణుగుతూనే ఉన్నాడు. పదకొండు పడ్డాయి. మిగిలిన తొమ్మిదీ కుడి పక్కన వరసగా పెట్టాడు.

భాగ్య చెయ్యి చాచి అందులో ఒకదాన్ని తీసింది. మెడ దగ్గర నొక్కి చూసి, ఎడమ పక్కకు వేసింది.

"గిది గూడ మెత్తగనే ఉంది నాయినా," అంది.