ఏడు పూసలా, ఎనిమిదా

మా హేమ అల్లే పూసల ఉంగరం మీద పువ్వు బల్లపరుపుగా ఉండాలి. అది దోసిలి పట్టినట్టు పైకి ముడుచుకుంటోంది. దోసిలి అన్నాక చెయ్యి కడిగినప్పుడల్లా నీళ్లు నిలుస్తాయి. నీళ్లు నిలిస్తే దారం నానుతుంది, నానితే తెగుతుంది, తెగితే పూసలు జారిపడతాయి, ఎవరో ఒక పసివాడు ఏరుకుని నోట్లో వేసుకుంటాడు. మొదటి ఉంగరం చూసినప్పుడే నేను ఇంతవరకు ఆలోచించాను. హేమ మాత్రం “బాలేదమ్మా” అని ఊరుకుంది.

ఉంగరాలు క్రిస్టినా పెళ్లికి. ఆ అమ్మాయి, హేమ బెంజ్ సర్కిల్ దగ్గర ఒకే ఆఫీసులో పనిచేస్తారు. చర్చిలో తన వెంట నడిచే తోడిపెళ్లికూతుళ్లందరికీ ఒకేరకం పూల ఉంగరాలు కావాలంది. శనివారం సాయంత్రం వచ్చి ఒకటి చూసుకుంటానంది. నచ్చకపోతే గవర్నర్‌పేటలో రెడీమేడ్‌వి కొనేసుకుంటుంది. ఇంట్లోవాళ్లు కాకుండా బయటివాళ్లు హేమని ఏదైనా చేసిపెట్టమని అడగడం ఇదే మొదలు. పిల్ల అన్నం కలుపుకుంటూ కూడా ఆ ఉంగరం వైపే చూస్తోంది.

అల్లిక దానిది, ముగింపు నాది. ఆఫీసు నుంచి వచ్చాక అది పువ్వు అల్లి, దారం కొస వదిలి పెడుతుంది. మర్నాడు అది ఆఫీసుకి వెళ్లాక నేను ఆ కొసని బిగించి, ముడి వేసి, కత్తిరిస్తాను. దాని ముడి నిలవదు. నా పుట్టిల్లు బందరు దగ్గర, సముద్రం మీద బతికే ఇల్లు. అక్షరాల కంటే ముందు నాకు వల ముడి వచ్చింది. నేను వేసిన ముడి ఇంతవరకు జారలేదు.

తప్పు పూసల లెక్కలో ఉందనుకుంది హేమ. మధ్యలో పెద్ద ముత్యం, చుట్టూ ఆరు చిన్న పూసలు. ఆరూ చాలక లోపలికి లాగేస్తోందని ఏడు వేసింది. కొంచెం నయమైంది గానీ దోసిలి దోసిలే. ఎనిమిది వేసింది. అంచు వేయించిన అప్పడంలా వంకర్లు తిరిగింది.

“ఏడుకీ ఎనిమిదికీ మధ్యలో ఇంకేం లేదమ్మా” అంది ఏడుపు గొంతుతో.

మా ఆయన గంగాప్రసాద్ అప్పుడే చేపల కొట్టు కట్టేసి వచ్చారు. “ఒక పూసని సగానికి కొరుకు, ఏడున్నర అవుద్ది” అన్నారు.

“ఊరుకోండి, అది నిజంగానే కొరుకుద్ది. పన్ను విరుగుద్ది. పెళ్లి కావాల్సిన పిల్ల” అన్నాను.

శనివారం ఆఫీసు సెలవు. హేమ ఏడు పూసలతో మళ్లీ అల్లి నా చేతికిచ్చి పక్కనే కూర్చుంది. నేను ముగింపు చేస్తుంటే అది చూడడం అదే మొదటిసారి.

“అమ్మా, ఏం చేస్తున్నావ్?”

“ముడేస్తున్నా.”

“ముడి కాదు, దానికి ముందు. చుట్టూ మళ్లీ దారం ఎందుకు తిప్పుతున్నావ్?”

“గట్టిగా ఉంటదని. రోజూ తిప్పేదేగా.”

“ఎన్నిసార్లు?”

“పూసల్లో సూది పట్టినంతవరకు.”

హేమ ఆ దారం వరసల్ని గోటితో లెక్కపెట్టింది. మా ఆయన పేపరు దించి చూశారు. “పువ్వు అల్లేది కూతురు, పీక నొక్కేది తల్లి” అన్నారు.

“వదులుగా వదిలేస్తే చర్చిలో పూస ఊడిపోద్ది. పాస్టర్ గారి కాలి కింద పడితే?”

“పడదమ్మా.”

“పడితే? ఆయన జారితే? ఆ వయసులో తుంటి విరిగితే మళ్లీ అతుకుద్దా?”

“అమ్మా, క్రిస్టినా బయల్దేరానని మెసేజ్ పెట్టింది.”

నేను బిగించిన దారమంతా కత్తిరించి హేమ గబగబా కొత్తగా అల్లింది. కొస నా చేతికిచ్చింది. “నువ్వే వెయ్యి. ఒక్కసారే తిప్పు. లాగొద్దు.”

ఒక్కసారి తిప్పాను. నా చెయ్యి దానంతట అదే రెండోసారికి వెళ్లబోయింది. హేమ నా మణికట్టు పట్టుకుంది. అలా పట్టుకుని ఉండగానే ముడి వేశాను. పూసకీ పూసకీ మధ్య సన్నగా వెలుతురు కనబడుతోంది. ఇంకా చాలా కనబడ్డాయి నాకు, చెప్పలేదు. ఉంగరం మీద పువ్వు మాత్రం బిళ్లలా, చదునుగా విచ్చుకుంది.

క్రిస్టినా వచ్చి వేలికి పెట్టుకుని, చెయ్యి చాపి, మడిచి, మళ్లీ చాపి చూసుకుంది. “భలే కూర్చుందే హేమా! అతికించినట్టుంది.” తర్వాత నా వైపు తిరిగింది. “ఆంటీ, ఇది తెగిపోదు కదండీ? మా పిన్ని కూతుళ్ల సంగతి మీకు తెలీదు, ఒక్కచోట నిలబడరు.”

హేమ నన్ను చూసింది. మా ఆయన కూడా పేపరు పూర్తిగా మడిచేసి నన్నే చూశారు. పాస్టర్ గారు, ఆయన తుంటి, అంబులెన్సు, అన్నీ వరసగా నా నాలుక దాకా వచ్చి నిలబడ్డాయి.

“తెగదమ్మా” అన్నాను.

దేవుడి దయవల్ల అని కూడా కలపలేదు.

“అయితే మిగతావి కూడా అచ్చం ఇలాగే కావాలే” అని హేమ భుజం మీద ఒకటి కొట్టి వెళ్లిపోయింది క్రిస్టినా. హేమ మెట్ల దాకా వెళ్లి అక్కడే నిలబడి చెయ్యి ఊపుతోంది.

నేను లోపలికి వెళ్లి మంచం మీద పడుకున్నాను. మా ఆయన వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు.

“జ్వరమా?”

“లేదు” అన్నాను. కాస్త ఆగి, “రావచ్చు” అన్నాను.