బక్రా అన్నాడా, బుక్రా అన్నాడా

వాకీటాకీ గరగరమంది. "భాయ్... లెఫ్ట్ మే బక్రా. బక్రా. బంద్ కరో."

పైన కొండ అంచు నుంచి ఓబులయ్య గొంతు. కింద, దారి చీలే చోట, మస్తాన్ వలీ చేతిలో ఎర్ర తాడు ఉంది.

సౌదీలోని తబూక్ కొండల మీద అరుదుగా పడే మంచు ఈసారి బాగా పడింది. క్యాంపు దగ్గర మొదలైన స్కీ దారి కొండను చుట్టి మళ్లీ క్యాంపుకే వస్తుంది. ఎడమ సగం కొండమేకలు చలికాలం తలదాచుకునే వాలు మీదుగా పోతుంది. చూలు మేకలు అక్కడికి దిగితే ఆ సగానికి తాడు కట్టి మూసెయ్యాలి. దిగాయో లేదో చూసి చెప్పడమే ఓబులయ్య పని.

ఇద్దరిదీ రాయచోటే. కానీ రేడియోలో హిందీయే మాట్లాడాలని పాకిస్తానీ సూపర్‌వైజర్ షాబాజ్ ఆర్డర్. ఓబులయ్య కొత్తగా వచ్చాడు, అతనికి వచ్చిన హిందీ నాలుగు ముక్కలు. వలీ చెవి ఏనాడో అరబ్బీకి అలవాటు పడిపోయింది. కఫీల్‌ని, అంటే యజమానిని, సెలవు అడిగితే బుక్రా. ఏసీ బాగుచేయించమంటే బుక్రా. బుక్రా అంటే రేపు.

రేపు బంద్ చెయ్యమంటున్నాడా? అయితే ఇప్పుడే ఇంత హడావుడి ఎందుకు? వలీ మళ్లీ అడుగుదామని బటన్ మీద వేలు పెట్టాడు.

"ఏంటి వలీ, మీవాడి మాట నీకే అర్థం కాలేదా?"

స్కీలు బిగించుకుంటూ జైనాబ్ నవ్వింది. జెద్దా నుంచి వచ్చిన అతిథి. తనకు రాని భాష లేదని వలీ దారి పొడుగునా ఆమెకు గొప్పలు చెప్పాడు.

"అర్థమైంది మేడమ్. రేపటి నుంచి బంద్. ఈరోజు మీ ఇష్టం." తాడు చుట్టి జీపులో పడేశాడు.

ఆమె కర్రలు పొడుస్తూ, సన్నటి స్కీల మీద జారుతూ ఎడమ మలుపు తిరిగింది.

రేడియో అరిచింది. "భాయ్! మేడమ్ క్యోం ఆయా? బక్రా కూద్‌తా! బక్రా గిర్‌తా!"

రేపు దూకదు. రేపు పడదు. దూకేది, పడేది మేక.

వలీ పరుగెత్తాడు. మోకాళ్ల దాకా మంచు. మలుపు తిరిగేసరికి మంద చెల్లాచెదురై పైకి పాకుతోంది. కడుపులు నేలకు రాసుకుంటున్నాయి. ఒక ఆడమేక రాతి అంచు మీద నుంచి జారి కింద పడి ఉంది. ముందుకాలు విరిగి వేలాడుతోంది. జైనాబ్ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తోంది.

"ఈరోజు నా ఇష్టమన్నావు కదా," అంది తలెత్తకుండా.

మేకను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి షాబాజ్ పికప్ తెచ్చాడు. కొండ దిగి వచ్చిన ఓబులయ్య దాన్ని దుప్పటిలో చుట్టి ఎక్కించాడు.

"రేడియోలో వీడి వచ్చీరాని హిందీ వల్లే ఇదంతా," అన్నాడు షాబాజ్. "వలీ, వాడికి మీ భాషలో చెప్పు. ఇక్కడ ఉండే పర్మిట్, ఇకామా క్యాన్సిల్. ఈ వారంలోనే ఎగ్జిట్."

వలీ ఓబులయ్య వైపు తిరిగాడు. ఒక్క ముక్క వదలకుండా తెలుగులో చెప్పాడు.

ఓబులయ్య బిత్తరపోయాడు. "చెప్తినే కదన్నా. మేకను బక్రా అనే కదా అనేది?"

"ఔను అబ్బీ."

"అయితే నా గొంతు చలికి పట్టేసినట్టుంది. నీకు సరిగ్గా ఇనపడిండదు. తప్పు నాదేనని చెప్పు. ఈ ఒక్కసారికి ఒదిలేయమను. నీ మాటంటే ఆయనకు గురి కదా."

"ఏమంటున్నాడు?" షాబాజ్ గద్దించాడు.

ఆ మాటల్ని హిందీలోకి మార్చడానికి వలీకి నోరు రాలేదు.

"వాడు సరిగ్గానే చెప్పాడు సాబ్. బక్రా అంటే నేను బుక్రా అనుకున్నా. అనుమానం కూడా వచ్చింది. మేడమ్ ముందు చిన్నతనమవుతుందని మళ్లీ అడగలేదు."

షాబాజ్ వలీని పైనుంచి కిందికి చూశాడు. "గధా. అయితే ఆ ఎగ్జిట్ నీది." వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"ఏం చెప్పినావన్నా? ఆయన నీ మీదికి ఎగిరినాడు?"

వలీ తెలుగులో మళ్లీ అంతా చెప్పాడు. ఈసారి తలెత్తలేకపోయాడు.

ఓబులయ్య మేక మీద జారిన దుప్పటి సర్దాడు. మేక మూలుగుతోంది.

"అంటే, నన్ను ఇంటికి పొమ్మని నీ నోటితో చెప్పేటప్పుడు... నా తప్పు లేదని నీకు తెలుసా?"

వలీ పికప్ వెనకవైపు చెయ్యి వేశాడు, ఎక్కి మేకను పట్టుకుందామని.

"నువ్వొద్దులే," అన్నాడు ఓబులయ్య. తనే ఎక్కి, మేక తలను ఒళ్లో పెట్టుకుని, వెనక తలుపు లోపలినుంచి వేసుకున్నాడు.