పాలు తీసేసిన ఫ్రిజ్

సరస్వతమ్మ ఫ్రిజ్ తలుపు తీయగానే నా కళ్లు మొన్న చూసిన పాలగిన్నె కోసం వెతికాయి. పాలు లేవు, పెరుగు లేదు, ఆఖరికి కొత్తిమీర కట్ట కూడా లేదు. మా గొర్రెల టీకా సీసాలు తప్ప అంతా ఖాళీ. లైటు మాత్రం పెళ్లింట్లో మాదిరి వెలుగుతోంది.

పక్క ఊరి మందల్లో పారుడు రోగం దిగింది. ముక్కులు కారి, కడుపులు జారి గొర్రెలు రాలిపోతున్నాయి. మా బతుకంతా మా గొర్రెలే. అందుకే నాలుగు రోజుల కింద నా మొగుడు కుళ్లాయప్ప హిందూపురం పోయి ఐసు డబ్బాలో టీకా తెచ్చాడు. సూదులు వేసే నాగేష్ సోమవారం గానీ రాలేనన్నాడు. అంతవరకు చల్లగా ఉంచకపోతే టీకా పనిచేయదు. ఊళ్లో భూములున్న సరస్వతమ్మ తనంతట తానే, "మా ఫ్రిజ్ ఉండాది కదా, ఈడ పెట్టుకోండి" అంది.

ఇప్పుడు ఆదివారం వచ్చి చూస్తే ఇదీ వరస.

"పాలేమైనాయమ్మా?" అని అడిగాను.

"గొర్రెల మందు పక్కన పాలెట్ల పెట్టేదే? మాకు కడుపులో తిప్పుతాది" అంది ముక్కు చిట్లించి.

ఒళ్లు మండింది. అవసరం మాది కాబట్టి మింగాను. అయినా ఒక సీసా తీసి చెంపకు ఆనించాను. గోరువెచ్చగా తగిలింది.

"సల్లగా ల్యాదమ్మా ఇది!"

"లైటు ఎలుగుతాండాది కదే! నీకన్నీ అనుమానాలే."

అవును, నాకు అనుమానం ఎక్కువే. పళ్లు చూడకుండా సంతలో ఏనాడూ గొర్రెను కొనలేదు. ఫ్రిజ్ వెనక చెవి పెట్టాను. హుమ్మని మూలిగింది, టిక్కుమంది, ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ అదే తంతు. ఆమె వద్దంటున్నా వినకుండా పెనుకొండ మెకానిక్ దేవేంద్రకు ఫోన్ చేశాను.

దేవేంద్ర వచ్చి, ఫ్రిజ్ వెనక కంప్రెసర్ పక్క నుంచి చిన్న ముక్క ఊడబీకి ఆడించాడు. గలగలమంది.

"ఇది స్టార్ట్ రిలేమ్మా. కంప్రెసర్ తిరగాలంటే మొదట్లో ఒక తోపు గావాల. ఆ తోపు ఇచ్చేది ఇదే. ఇది కాలిపోయిండాది. కంప్రెసర్ లేయబోతాది, లేయల్యాక వేడెక్కి ఆగిపోతాది. ఇంగ సల్లదనం యాడిది? లైటుకు దీంతో పనిల్యా."

పైన పటారం, లోన లొటారం!

"ఎప్పుడు కాలిందప్పా?"

"అది చెప్పేకి కాదమ్మా."

"ఈ పొద్దే!" అని సరస్వతమ్మ అందుకుంది. "నిన్న నేనే ఐసు తీసినా."

వంటింటి గడపలో ఆమె కోడలు స్వాతి నిలబడి ఉంది. ధర్మవరం పిల్ల, ఎన్నడూ నోరెత్తదు. "అట్లనొద్దు అత్తా. మందు పెట్టిన మర్నాడే పాలు ఇరిగిపోయె కదా. అప్పట్నుంచి పాలు పక్కింట్లో పెట్టుకుంటాండాం. పాపం, వాళ్ల గొర్రెలు..." అంది.

సరస్వతమ్మ మొహం మాడిపోయింది. "చెడిపోయిందని ఊరంతా చాటుకోవాల్నా? సీసాలో మందుకేమైతాదిలే అనుకుంటి."

పాలకేమవుతుందో తెలిసిన మనిషికి మందుకేమవుతుందో తెలియదా! అసహ్యంతోనే పాలు తీసి ఉంటే ఎంత బాగుండేది! అదైతే నేను ఓర్చుకునేదాన్ని.

కొత్త రిలే పెట్టగానే ఫ్రిజ్ నడిచింది. అంతలో కుళ్లాయప్ప వచ్చి సంగతి విన్నాడు. "ఇప్పుడు సల్లగయితాది కదా. పెద్దోళ్లతో తగువెందుకు? రేపు ఇదే ఏపిద్దాం" అన్నాడు.

"సచ్చిన మందు మళ్ల లేస్తాదా? సూదేసినామని నమ్మి మన గొర్రెల్ని అందరి మందల్లో కలిపి తోలితే ఏం గతి?"

సీసాలన్నీ కొంగులో పోసుకుని వాకిట్లో బండ మీద ఒక్కొక్కటీ పగలగొట్టాను. కుళ్లాయప్ప తల పట్టుకున్నాడు.

"రేపు తెల్లారకముందే, మబ్బులోనే హిందూపురం పోయి మళ్ల తేవాల. అందాక మంద దొడ్డి దాటేకి ల్యా" అన్నాను.

ఇంటికి రాగానే దొడ్డిలోకి దిగి గొర్రెల ముక్కులు ఒక్కొక్కటే తడిమి చూశాను. ఒక పొట్టేలు ముక్కు కారుతోంది. దాన్ని దూరంగా లాక్కుపోయి కట్టేసి, కుళ్లాయప్పకు చూపించాను. పెద్దోళ్లతో తగువెందుకన్న మనిషే చెప్పులు తొడుక్కుని సరస్వతమ్మ ఇంటి వైపు బయలుదేరాడు.