కోడిగుడ్ల వ్యానులో 'రాకపోక'

నేను ఒక క్యాసెట్‌ని. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా, లోపల రెండు పళ్ళచక్రాలు, వాటికి చుట్టుకుని గోధుమరంగు టేపు. ఒంటినిండా చుట్టే అయినా చుట్టాలు మాత్రం నాకు మిగల్లేదు. ఒకే రోజున పుట్టిన అయిదువందలమందిలో, కొట్లకెక్కి కూడా ఇప్పటికీ పుట్టినప్పటి పాటలే కడుపులో ఉన్నది బహుశా నేనొక్కదాన్నే. పాడటానికీ పాడవటానికీ మధ్య మన భాషలో ఒక్క అక్షరమే తేడా. ఆ అక్షరం నా మీద పడకుండా కాపాడిన మనుషుల కథ ఇది. చూశారా, కాపాడటంలో కూడా పాడటం ఉంది.

నా పేరు 'రాకపోక'. పెట్టినవాడు బొడ్డు సాల్మన్‌రాజు, విశాఖపట్నం లోకోషెడ్డులో ఎలక్ట్రికల్ ఫిట్టరు. ఇంజన్లు బాగుచేయడం ఆయన ఉద్యోగం, పాటలు కట్టడం ఆయన రోగం. చర్చి పాటల బృందంలో గిటారు నేర్చుకుని, అక్కడ ఇమడనంత చప్పుడు చేసి, పాస్టరుగారి ఆశీర్వాదంతోనే బయటపడ్డాడు. రాక్ సంగీతమనే దాన్ని ఈయన తెలుగులో, అందులోనూ రైల్వే యార్డు తెలుగులో కట్టాడు. ప్రేమ గురించి ఒక్క పాటా లేదు. కారిపోయే నీళ్ళ ట్యాంకు గురించి ఉంది. వ్యాగన్లని అటూ ఇటూ తోసి జతచేసే షంటింగులో అవి గుద్దుకునే చప్పుడు గురించి ఉంది. మూడుకాళ్ళ బల్ల మీద టీ గ్లాసు నిలబెట్టే విద్య గురించి ఉంది. రాక్ అంటే రాయి కదా, జనం తిరిగి విసురుతారేమో చూసుకోమని భార్య దయామణి ముందే హెచ్చరించిందట. ఎవరూ విసరలేదు. అసలు ఎవరూ ఇటు చూడలేదు. రాయి పడితే కనీసం చప్పుడన్నా అయ్యేది.

నా మీద చుట్టిన అట్ట మీద పాటల జాబితా పోను మిగిలిన చోటంతా సాల్మన్‌రాజు కృతజ్ఞతలతో నింపాడు. నలభై ఒక్క పేర్లు. సెలవిచ్చిన ఫోర్‌మన్, యాంప్లిఫయర్ అరువిచ్చిన పెళ్ళి బ్యాండువాళ్ళు, బయటికి పంపిన పాస్టరుగారు, స్టూడియోలో టీ కాచిన ముసలాయన, ఎవరినీ వదల్లేదు. అందరికీ చోటు దొరికింది గాని, ఆయన అడ్రసుకి దొరకలేదు.

అడ్రసు ఎందుకంటే, ఆయనకి ఒక కోరిక ఉంది. చుట్టాలు ఎలాగూ బాగుందంటారు, స్నేహితులు వినకుండానే ఇంకా బాగుందంటారు. ఏ మొహమాటమూ లేని బయటి మనిషి, ఒక్కడంటే ఒక్కడు, మొదటి నుంచి చివరిదాకా విన్నాడని తెలిస్తే చాలు. ఒక్క కార్డు వస్తే ఇంకో క్యాసెట్ చేస్తానన్నాడు దయామణితో. రాకపోతే గిటారు చర్చికి ఇచ్చేసి నోరు మూసుకుంటానన్నాడు. అందుకని ఆఖరి పాట అయ్యాక, టేపు చివర్లో, తన గొంతుతోనే ఇలా చెప్పి ముగించాడు: "ఇక్కడిదాకా విన్నవారికి ఒక విన్నపం. మీరెవరో నాకు తెలీదు. విన్నామని ఒక్క కార్డు ముక్క రాస్తే మీ మేలు మరిచిపోను. నా అడ్రసు రాసుకోండి. బొడ్డు సాల్మన్‌రాజు, ఇంటి నంబరు..."

ఆ తరవాత నాకు తెలీదు. ఎందుకంటే ఆ తరవాత నేను లేను.

కాపీలు తీసిన ఫ్యాక్టరీలో టేపు కోసే మనిషి పొదుపరి. పాట అయిపోయింది కదా, ఇంకా ఈ వాగుడెందుకని, ఒక్కొక్కరి ఒంట్లోంచీ గజం టేపు మిగుల్చుకున్నాడు. రెండు వైపులా పాడే మాకు 'బి' వైపు చివరా, 'ఏ' వైపు మొదలూ ఒకే చోటు. కాబట్టి అటు అడ్రసుతోబాటు ఇటు మొదటి పాట ముందు పెట్టిన "వన్, టూ" కూడా పోయింది. అప్పటినుంచీ నా మొదటి పాట తలుపు కొట్టకుండా ఇంట్లోకి వచ్చేసినట్టు మొదలవుతుంది. అట్టలు నిలువుగా, టేపులు పొట్టిగా, ఆశలు బారెడుగా అయిదువందలమందిమి పెట్టెలకెక్కాం.

సాల్మన్‌రాజు పోస్టుమాన్ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. కార్డు రాయడానికి మనుషులున్నారేమో, చేరడానికి చోటు లేదు. అది నాకు తెలుసు. చెప్పడానికి మాత్రం నాకున్నది ఆయన నోరే.

నేను అనపర్తి చేరాను. అక్కడ గంధం చిట్టిబాబుది రికార్డింగ్ సెంటరు. కావలసిన పాటల పేర్లు కాగితం మీద రాసిస్తే, వాటిని క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చే కొట్టు. ఏడాదిపాటు నన్నూ నా ఇరవైమంది అన్నదమ్ముల్నీ అరలో పెట్టాడు. రాక్ అనే గూడు ఆయన కొట్టులో లేదు, జానపదంలో కొన్నాళ్ళు, భక్తిలో కొన్నాళ్ళు ఉన్నాం. కొనేవాడు లేక చిట్టిబాబు అందరు రికార్డింగువాళ్ళూ చేసే పనే చేశాడు. మా నెత్తిన ఉండే చిన్న కన్నాల్లో కాగితం ముక్కలు కుక్కి, మా పాటల మీద వేరే పాటలు ఎక్కించడం మొదలుపెట్టాడు. కన్నంలో కాగితం పడితే మిషను మమ్మల్ని ఖాళీవాళ్ళమనుకుంటుంది. అలా ఒక్కొక్కరే సాల్మన్‌రాజుని మరిచిపోయి ఎవరెవరి పాటలో పాడుకుంటూ వెళ్ళిపోయారు.

నా వంతు వచ్చింది. కన్నాల్లో కాగితం పెట్టాడు, పదహారు పాత పాటల జాబితా రాసిన అట్ట చుట్టాడు, ఇంతలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాడు. తిరిగొచ్చి, ఎక్కించడం అయిపోయిందనుకుని నన్ను సంచిలో వేశాడు. మనుషుల మతిమరుపుకి నేను ఆజన్మాంతం రుణపడి ఉన్నాను.

ఆ జాబితా ఇచ్చినవాడు పెంకే సూర్రావు. ఇంటిపేరు పెంకే, మనిషి పెంకి, మోసేది గుడ్లు. వారానికి రెండుసార్లు అనపర్తి నుంచి విశాఖపట్నానికి మెటాడోరు వ్యానులో కోడిగుడ్ల ట్రేలు తోలేవాడు. గుడ్ల బండి నిదానంగా నడపాలి, అన్నం తిని నిదానంగా నడిపితే నిద్రొస్తుంది, అందుకని పాటలు. పెద్దాపురం దాటాక నన్ను బండిలో ఉన్న టేపు డెక్కులోకి, అటు అయిపోతే ఇటు తనే తిప్పుకునే రకం, తోశాడు. కమ్మటి పాత పాట కోసం చెవి రిక్కించినవాడి మీదికి మా మొదటి పాట తలుపు కొట్టకుండా వచ్చి పడింది. సూర్రావు కాలు బ్రేకు మీద పడింది. వెనక రెండు ట్రేలు అట్టు అయ్యాయి. రాక్ దెబ్బకి ఆంధ్రదేశంలో ఏదైనా పగిలిందీ అంటే అవే.

నన్ను బయటికి తీయబోయాడు. బటను లోపలికి వెళ్ళింది, మళ్ళీ పైకి రాలేదు. ఇరుక్కుపోయాను. ఇంటికెళ్ళి చిట్టిబాబుని నిలదీస్తే, ఆయన తప్పు ఒప్పుకున్నాడు గాని, డెక్కు ఊడదీయాలంటే కాకినాడ పంపాలన్నాడు, పది రోజులు పడుతుందన్నాడు. పది రోజులు చప్పుడు లేకుండా బండి తోలడమా? అంతకంటే ఈ గోలే నయమని సూర్రావు వెనక్కి వచ్చేశాడు.

అలా మొదలైంది మా కాపురం. మొదటి వారం తిట్టుకుంటూ విన్నాడు. రెండో వారం తిట్లు లేకుండా విన్నాడు. నెల తిరిగేసరికి స్టీరింగు మీద వేళ్ళు ఆడేవి. తరవాత పాటలతో వాదన పెట్టుకోవడం మొదలైంది. మూడుకాళ్ళ బల్లకి ఇటిక పెట్టుకోవచ్చు కదా, ఇంత పాట ఎందుకని నన్నే అడిగేవాడు. నిజమైన శ్రోత అంటే చప్పట్లు కొట్టేవాడు కాదండీ, ఎదురు మాట్లాడేవాడు.

విన్నపం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట్లాడేవాడు కాదు. అంత మర్యాదగా అడిగిన మనిషికి పలక్కపోవడం అతనికి ముల్లులా ఉండేది. తునిలో ఒక కార్డు కొని, వెనక తన పేరూ ఊరూ రాసి, ఎదురుగా ఎండ తగలకుండా ఉండే రేకులో దోపాడు. చేరవలసిన చోటు రాయాల్సిన వైపు తెల్లగా ఉండిపోయింది. మూడేళ్ళు ఉండిపోయింది.

ఒకరోజు విశాఖపట్నం పొలిమేరలో రైలు గేటు పడింది. అవతల వ్యాగన్లు షంటింగు అవుతున్నాయి. వాటి దెబ్బా, మా పాటలో దెబ్బా ఒకే లెక్కన పడుతున్నాయి. గేటు లేచినా సూర్రావు కదల్లేదు, వెనక లారీలు హారన్లు కొడుతున్నా కదల్లేదు. అడ్రసు చివర్లో లేకపోతేనేం, పాటలనిండా ఉందని అప్పుడు వెలిగింది.

గుడ్లు దింపేసి రైల్వే కాలనీలోకి తోలాడు. కారే ట్యాంకు ఎక్కడని అడిగితే, ఈ ఊళ్ళో కారనిదేదో చెప్పు బాబూ అని నవ్వారు. మా పాటలో ఒక చరణం ఉంది:

*ఏడో నంబరు ట్యాంకు కింద
ఎండాకాలం కూడా గొడుగే.*

ఏడో నంబరు ట్యాంకు దొరికింది. దాని కింద ఒకావిడ నిజంగానే గొడుగు వేసుకుని వెళ్తోంది. దాని పక్కన టీ కొట్టు. కొట్టు ముందు బల్ల. సూర్రావు వంగి కాళ్ళు లెక్కపెట్టాడు. మూడే ఉన్నాయి. సాల్మన్‌రాజుగారిల్లు అడిగితే టీ కొట్టాయన పచ్చ తలుపు చూపించి, "ఆయన పాటలు మానీసేడు బావూ. ఈ ఆదివారం గిటారు కూడా చర్చికి ఇచ్చీస్తన్నాడు" అన్నాడు. ఆ రోజు శుక్రవారం.

పచ్చ తలుపు దయామణి తీసింది. వ్యాను మీద కోడిగుడ్ల బొమ్మ చూసి, గుడ్లు నిన్ననే కొన్నామని చెప్పి వేయబోయింది.

"గుడ్లు అమ్మడానికి రాలేదండి" అన్నాడు సూర్రావు. "కార్డు రాద్దామని వచ్చానండి."

లోపల్నుంచి సాల్మన్‌రాజు వచ్చాడు. సంతోషించలేదు. ఎగతాళి అనుకున్నాడు. "ఎవరు పంపేరు నిన్ను? ఐజాకా?" అన్నాడు. ఐజాకు ఆయన మేనమామ కొడుకు, డ్రమ్ములు వాయించినవాడు. సూర్రావు వ్యాను తలుపు తీశాడు. నేను బయటికి రాను కాబట్టి పాట కట్టినవాడే నా దగ్గరికి రావలసి వచ్చింది. ఇద్దరూ ముందు సీట్లో కూర్చుని, కాళ్ళ దగ్గర ఖాళీ ట్రేలు పెట్టుకుని, మొదటి నుంచి విన్నారు. పాటకి పాటా సూర్రావు సన్నగా కలిసి పాడుతూనే ఉన్నాడు. సాల్మన్‌రాజు అతని మొహం వంక చూడలేక అద్దంలోకి చూస్తున్నాడు. మూడో పాట అయ్యాక సూర్రావు గొంతు సవరించుకున్నాడు.

"ఏవీ అనుకోకపోతే ఓ మాటండి. ఈ పాటలో డ్రమ్ములాయన తొందరపడ్డాడండి. రెండో చరణం కాడ మీరింకా ఎక్కకుండానే బండి కదిలిపోయింది."

సాల్మన్‌రాజు అద్దంలోంచి చూపు మళ్ళించి సూర్రావు వైపు తిరిగాడు. తరవాత, "నిజమే" అన్నాడు. "స్టూడియో బయట తరవాత వంతు భజన పార్టీవాళ్ళు తాళాలు పట్టుకుని నిలబడ్డారు. మళ్ళీ వాయించే టైము లేకపోయింది. నాలుగేళ్ళనించీ ఎవరైనా అంటారేమో అని చూస్తున్నాను. అందరూ బాగుందనే అన్నారు." అని కళ్ళు తుడుచుకుని, పైకే నవ్వాడు. పొగడ్త ఆయన్ని ఒక్కసారీ నమ్మించలేదు. ఎత్తిచూపిన ఈ వంక మాత్రం, నిజంగా విన్నాడని నమ్మించింది.

బి వైపు తిరిగింది. ఆఖరి పాట అయింది. విన్నపం వచ్చింది. 'ఇంటి నంబరు' అన్న మాట దగ్గర టక్కుమని ఆగి, మళ్ళీ మొదటి పాట దూకింది.

సాల్మన్‌రాజు ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ అక్కడే ఆగింది. ఇంట్లో నా అన్నదమ్ములు డజను మంది ఉన్నారట. ఆయన దగ్గర స్టూడియో టేపు ఉంది కదా అని మాలో ఎవరినీ చివరిదాకా వినలేదట. లోకం మొత్తం చివరిదాకా వినాలని కోరుకున్న మనిషి, తను మాత్రం వినలేదు. గుమ్మంలో నిలబడ్డ దయామణి ఇదంతా విని, "నాలుగేళ్ళు ఆ పోస్టుమాన్‌ని తిట్టేం గదండీ" అంది. సాల్మన్‌రాజు రెండు చేతులూ జోడించాడు. ఎవరికో నాకు తెలీలేదు. బహుశా పోస్టుమాన్‌కే.

తరవాత ఫిట్టరు మేలుకున్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, ఆ బటను రెండు నిమిషాల పనేనన్నాడు, నన్ను బయటికి తీసిస్తానన్నాడు. సూర్రావు అరచెయ్యి డెక్కుకి అడ్డం పెట్టాడు.

"వద్దండి. వచ్చేస్తే మళ్ళీ వేరేయి వినాల్సొస్తది."

స్క్రూడ్రైవర్ మళ్ళీ జేబులోకి వెళ్ళింది.

బయలుదేరే ముందు సూర్రావు రేకులోంచి కార్డు తీసి, మిగతా అడ్రసు చెప్పమన్నాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడాక ఇంకా కార్డెందుకు బాబూ అని సాల్మన్‌రాజు అంటే, అతను ఒప్పుకోలేదు. "మీరు అడిగింది కార్డు కదండి" అన్నాడు. నాలోంచి నరికేసిన ఆ గజం మాటల్ని నేను అప్పుడు మొదటిసారి విన్నాను: ఇంటి నంబరు, వీధి, కాలనీ, ఊరు. సూర్రావు అక్షరం అక్షరం రాసుకున్నాడు.

అనకాపల్లిలో బండి ఆపి, కార్డు స్టీరింగు మీద పెట్టుకుని, పైకి చదువుకుంటూ మిగతాది నింపాడు. 'మహారాజశ్రీ సాల్మన్‌రాజు గారికి, మీ క్యాసెట్ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఇంకా వింటున్నాను. ఇంకోటి చేయండి. డ్రమ్ములాయన్ని కూర్చోబెట్టి చెప్పండి.' పోస్టు డబ్బాలో వేశాడు.

ఆదివారం గిటారు చర్చికి వెళ్ళలేదు. ఏడాది తిరక్కుండా రెండో క్యాసెట్ వచ్చింది. అదీ అమ్ముడుపోలేదు. కాకపోతే ఈసారి అడ్రసు మొదట్లోనే చెప్పాడట, కార్డులు పదకొండు వచ్చాయట. అందులో ఏడింట్లో వంకలే పెట్టారని సాల్మన్‌రాజు ఊరంతా చెప్పుకున్నాడట.

ఇప్పుడు ఆ వ్యాను నడవదు. సూర్రావు పెరట్లో చక్రాలు లేకుండా కూర్చుంది, బ్యాటరీ పోయి ఎన్నో ఏళ్ళయింది. డ్రైవరు సీటులో కోళ్ళు పొదుగుతున్నాయి. ఇన్నాళ్ళూ గుడ్లు వెళ్ళిపోవడమే చూసిన బండికి ఇప్పుడు గుడ్లు రావడం కనిపిస్తోంది. నేను డెక్కు నోట్లోనే ఉన్నాను. టేపు అరిగిపోయింది, ఆఖరి పాట అలలు అలలుగా వస్తుందని నాకు తెలుసు. దానికి విచారం లేదు. అరలో మగ్గి అరగకుండా ఉండటం కంటే, వినివిని అరిగించిన చేతుల్లో అరగడం భాగ్యం. అయిదువందలమందిమి పుట్టాం, చెవులు వెతుక్కుంటూ బయలుదేరాం. నాకు రెండు దొరికాయి. రెండూ ఒకే మనిషివి. చాలు.