అలసట తగ్గించే డబ్బా

ముందుగా ఒక మాట. అక్షరాలు నా చేతికి ఆలస్యంగా వచ్చాయి. రాయడం నిదానం, ఒత్తులు నా మాట వినవు. తప్పులుంటే చదివేవాళ్ళే దిద్దుకోవాలి. ‘నేను’ అని మొదలుపెడితే చెయ్యి ఆగిపోతోంది. అందుకని ‘ఆమె’ అని రాస్తున్నాను.

గిన్నెలన్నీ అయ్యాక ఆమె చివరగా కడిగేది కొడుకు సీసా. తెల్లారుతూనే జిమ్‌కి పట్టుకెళ్తాడు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి బ్యాగులోంచి తీసి సింకులో పడేస్తాడు. రోజంతా మగ్గిన పుల్లటి వాసన. అడుగున గులాబీరంగు పొడి అంటుకుని ఉంటుంది. మూత సందుల్లోకి వేలు దూరదు, పుల్ల పెట్టి గీకాలి. దాన్ని బోర్లించి, చేతులు తుడుచుకుని, జుట్టు సర్దుకుని గ్రంథాలయానికి పరుగెత్తేది. అక్కడ వెనక గదిలో పెద్దవాళ్ళకి చదువు చెబుతారు. కుర్చీలో కూర్చున్న కాసేపటికే అక్షరాలు ఈదడం మొదలుపెట్టేవి. తల బల్ల మీదికి వాలేది. తోటి ఆడవాళ్ళు ఆమెకి కునుకమ్మ అని పేరు పెట్టారు.

“మీకు చదువు రాక కాదు, మెలకువ లేక,” అంది పంతులమ్మ ఒకరోజు. “వచ్చే వారం అందరూ ఒక పేజీ పైకి చదవాలి. చదవలేకపోతే మళ్ళీ మొదటి గుంపులో కూర్చోబెట్టాలి. నాకూ మనసొప్పదు.”

మళ్ళీ అ, ఆ ల దగ్గరికా? ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ఆయన పోయాక తనకంటూ సంపాదించుకున్నది ఆ కాసిని అక్షరాలే.

మర్నాడు వంటింటి అలమర తుడుస్తుంటే కొడుకు పొడి డబ్బా చేతికొచ్చింది. వెనక చిన్న అక్షరాలతో మన భాషలోనూ రాశారు. వేలు పెట్టి కూడబలుక్కుంది. ‘వ్యాయామపు అలసట తగ్గించును.’ అలసట! ఆ మాట ఇంట్లో ఆమెని ఉద్దేశించి ఎవరూ అన్నది కాదు. ఆయన బతికుండగా ఒకసారి నడుం పట్టేసిందని గుమ్మంలో కూర్చుంటే, “నీడపట్టున ఉండేదానివి, నీకేం అలుపు?” అన్నాడు. అత్తగారైతే, “అలిసిపోయానంటే పని తెలియనిదనుకుంటారే పిల్లా,” అని నవ్వింది. అప్పట్నుంచీ ఆమె అలుపుని తిట్టులా నోట్లోనే దాచుకుంది. దానికి మందుందని, మందుని డబ్బాలో పోసి అమ్ముతున్నారని ఇప్పుడు తెలిసింది.

చదివే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ, చేతికందిన చెంచాతో పొడి తీసి నీళ్ళలో కలిపి గటగటా తాగేసింది. కాసేపటికి బుగ్గల మీద, చెవుల వెనక చీమలు పాకినట్టయింది. గుండె దడదడలాడింది. కూర్చోబుద్ధి కాలేదు. చేతులు ఊరుకుంటేనా! కిటికీలు తుడిచింది, దుప్పట్లు ఉతికింది, మంచం కిందనున్న పెట్టెలన్నీ లాగి దులిపింది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది.

కోడలు ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. “అమ్మో! అత్తయ్యా, ఇల్లు అద్దంలా ఉంది. మీకింత ఓపికుందని తెలిస్తే మా ఆఫీసువాళ్ళని ఎప్పుడో భోజనానికి పిలిచేదాన్ని. ఉండండి, ఇవాళే రమ్మంటాను.” చెప్పులన్నా విప్పకుండా ఫోన్ తీసింది. ఆ పిల్ల చెడ్డది కాదు. తనూ పొద్దుటినుంచి కంప్యూటర్ ముందు నడుం విరగ్గొట్టుకుని వచ్చిందే. కానీ మోసేవాళ్ళని చూస్తే ఇంకో మూట ఎత్తబుద్ధేస్తుంది ఎవరికైనా. ఆమె వంటింట్లోకి నడిచింది. గ్రంథాలయంలో క్లాసు ఆమె లేకుండానే జరిగిపోయింది. అలసట తగ్గినందుకు దక్కిన బహుమానం ఇంకాస్త పని.

పొద్దున్నే లేవబోతే ఒళ్ళు పచ్చిపుండులా ఉంది. వంటింట్లోంచి కొడుకు కేక.

“నా డబ్బాలో తడి చెంచా పెట్టిందెవరు? పొడంతా రాయిలా గడ్డకట్టింది!”

“నేనేరా. కాస్త తాగాను.”

కొడుకు నోరు తెరిచి, పగలబడి నవ్వాడు. “ఏంటమ్మా, పరుగుపందెంలో గానీ ఉన్నావా? వెర్రిదానా, ఇది కష్టపడేవాళ్ళు తాగేది!”

ఎకసెక్కం కాదు, నిజంగానే అన్నాడు. అదే ఆమెకి ఎక్కువ తగిలింది. గంటసేపు ఇనుము ఎత్తి దించితే కష్టం. పొద్దుట్నుంచి రాత్రిదాకా బకెట్లు, దుప్పట్లు, గిన్నెలు ఎత్తి దించితే అది... దానికి పేరు కూడా లేదు.

గడ్డకట్టిన డబ్బాని వాడు చెత్తబుట్టలో పడేస్తే ఆమె తీసి కొంగున కట్టినంత భద్రంగా సంచీలో వేసుకుని, వీధి చివర మందుల షాపుకి వెళ్ళింది. షాపు అమ్మాయి డబ్బా తిప్పి చూసింది.

“ఇందులో ముఖ్యంగా పనిచేసేది కాఫీలో ఉండేదే పెద్దమ్మా, మోతాదు ఎక్కువ. కాసేపు అలుపు తెలియదు. చీమలు పాకినట్టుండేది ఇంకోదాని వల్ల. గట్టిగా వ్యాయామం చేసేవాళ్ళకి అది కొంచెం సాయం చేస్తుందంటారు, అదీ రోజూ తీసుకుంటే. మిగతావి ఉన్నాయంటే ఉన్నాయి. మీకు బీపీ ఉంది కదా, మళ్ళీ ముట్టుకోకండి.”

“ఇంటిపని చేసేవాళ్ళ అలుపుకి?”

అమ్మాయి ఆలోచించింది. “వాళ్ళ మీద పరీక్ష చేసినట్టు నేనైతే వినలేదు. ఏ డబ్బా అయినా అలుపుని కప్పుతుంది గానీ తీసేయదు. దాన్ని తీసేది విశ్రాంతే.”

“అది ఏ డబ్బాలో దొరుకుతుందమ్మా?”

ఇద్దరూ నవ్వారు. అమ్మాయే ముందు నవ్వు ఆపింది.

పంతులమ్మ ఆమెకి ఇంకో అవకాశం ఇచ్చింది. మళ్ళీ చదవాల్సిన రోజు సాయంత్రం కొడుకు బ్యాగు తెరిచి సీసాని సింకులో, గిన్నెల మీద పడేశాడు. “అమ్మా, కాస్త కడిగిపెట్టు. ఆకలేస్తోంది, ఒళ్ళంతా పులిసిపోయింది.”

ఆమె సంచీలోంచి పాత డబ్బా తీసింది. వేలు పెట్టి, తొందరపడకుండా, పైకి చదివింది. “వాడిన... తర్వాత... తగినంత... విశ్రాంతి... తీసుకోవలెను.”

కొడుకు సోఫాలోంచి తలెత్తాడు. తల్లి చదవగా వాడు వినడం అదే మొదలు. “చదివేశావే! అయితే ఏంటిప్పుడు?”

“నేను అలిసిపోయాన్రా.”

ఇన్నేళ్ళు నోట్లో దాచుకున్న మాట బయటికొస్తే ఇల్లేమీ కూలలేదు. గదిలోంచి వచ్చిన కోడలు ఆమెనీ, సింకునీ, మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. ఆమె సంచీ భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచింది.

“ఇప్పుడెక్కడికమ్మా? మరి గిన్నెలు?” అన్నాడు కొడుకు.

“సీసా మూతలో పుల్ల పెట్టి గీకాలి. లేకపోతే వాసన పోదు,” అని చెప్పి ఆమె చెప్పులేసుకుంది. వెనక కోడలి గొంతు వినిపించింది. “లేవండి మరి. పుల్ల అక్కడే ఉంది.”

ఆరోజు పేజీ చివరిదాకా చదివింది. తల వాలలేదు. పొడి తాగలేదు. గిన్నెలు తోమలేదు, అంతే.

పంతులమ్మ అందరికీ తెల్లకాగితాలు పంచి, ఏదైనా సొంతంగా రాసి కింద పేరు, వయసు, ఉంటున్న చోటు రాయమంది. చోటు దగ్గర చెయ్యి ఆగింది. వంటింట్లో అని రాయబోతే నవ్వొచ్చింది నాకు.

కునుకమ్మ, అరవై రెండేళ్ళు, ప్రస్తుతం ఈ బల్ల దగ్గర, మెలకువగా.